స్టాంపు కోసం పిల్లల్ని పంపకండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, ఇంటర్న్‌షిప్‌ల పని చూసే లెక్చరర్లకు నమస్కారం. విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల్లో ఈ వ్యవహారం చూసేవాళ్ల కంట పడినా సంతోషమే.

నేను నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ట్యాక్స్ కన్సల్టెంటును. ఆఫీసంటే పెద్దదేం కాదు. రెండు గదులు, మూడు కంప్యూటర్లు, నాతో కలిపి నలుగురం. కింద బియ్యం కొట్టు, పైన మేము. జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కమ్ ట్యాక్స్, చిన్న వ్యాపారుల పద్దులు రాయడం మా పని. ఐదేళ్లుగా మీ పిల్లలు ఇంటర్న్‌షిప్ అంటూ నా దగ్గరకు వస్తున్నారు. వాళ్ల సర్టిఫికెట్ల మీద నేను సంతకం పెడతాను, మీరు ఆ సంతకం చూసి మార్కులు వేస్తారు. మీకూ నాకూ మధ్య ఉన్న పరిచయం అంతే. ఈ ఐదేళ్లలో ఏ కాలేజీ నుంచీ నాకు ఒక్క ఫోన్ రాలేదు. "మావాడు వస్తున్నాడా, ఏం నేర్చుకుంటున్నాడు" అని ఎవరూ అడగలేదు. మీరు అడగలేదు కదా అని నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఎంతదాకా వచ్చిందో చెప్పాలనే ఈ ఉత్తరం.

మొన్న మే నెలలో ఒకరోజు పదకొండు గంటలప్పుడు ఇద్దరు అబ్బాయిలు మెట్లెక్కి వచ్చారు. ఆ ఎండలో వచ్చారని ముందు మంచినీళ్లిచ్చాం. చేతిలో కాలేజీ లెటరు ఉంది. "టు హూమ్‌సోఎవర్" అని మొదలవుతుందే, అదే. నా పేరు, మా ఆఫీసు పేరు రాయాల్సినచోట ఖాళీ గీత ఉంది. అంటే ఎవరు దొరికితే వాళ్ల పేరు రాసుకోమని.

"సరే, రేపట్నుంచి తొమ్మిదిన్నరకి రండి" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో కాస్త ధైర్యమున్నవాడు, "రావడమంటే సార్… మా ఫ్రెండ్స్‌కి ఒకచోట స్టాంపు వేసి ఇచ్చేశారు. మీరు కూడా వేస్తే చాలు సార్" అన్నాడు.

వాడి మీద కోపం రాలేదు. దాచుకోకుండా ఉన్నదున్నట్టు అడిగాడు. అయినా కోప్పడే అర్హత నాకు లేదు, ఎందుకో చెప్తాను.

2023 వేసవిలో ఏడుగురికి సర్టిఫికెట్లిచ్చాను. నిజంగా వచ్చి కూర్చున్నది ముగ్గురు. మిగతా నలుగురిలో ఒకడు మా పాత క్లయింటు కొడుకు. తండ్రి ఫోన్ చేసి, "బిడ్డ చెన్నైలో వాళ్ల మామ ఇంటికి పోయాడు, ఒక సంతకం పడేయ్ సారూ" అంటే పడేశాను. మొహమాటం. రెండేళ్ల తర్వాత ఆ అబ్బాయి, ఐరన్, సిమెంటు వ్యాపారం చేసే మా ఇంకో క్లయింటు దగ్గర బిల్లింగ్ ఉద్యోగంలో చేరాడు. నా సర్టిఫికెట్ చూసే చేర్చుకున్నారు. మూడో రోజు ఆ షావుకారి నుంచి ఫోన్. "ఏమయ్యా, నీ దగ్గర రెండు నెలలు చేసినోడంట గదా. లోడ్ ఎత్తి లారీ నిలబెట్టి ఈ-వే బిల్లు తీయమంటే నా మొహం చూస్తా ఉండాడే!"

ఈ-వే బిల్లంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే కాగితం. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే అది లేకుండా లారీ కదలకూడదు. పోర్టల్‌లో దాన్ని తీయడం ఒక పూటలో నేర్పగలిగిన పని. నా ఆఫీసులో రెండు నెలలు కాదు, రెండు రోజులు కూర్చుని ఉన్నా ఆ అబ్బాయికి వచ్చేది. వారం తిరక్కుండా వాడి ఉద్యోగం పోయింది. షావుకారు నన్ను పల్లెత్తు మాట అనలేదు, కానీ ఆ తర్వాత మనిషి కావాలంటే నన్ను అడగడం మానేశాడు. నేను పెట్టిన ఒక్క సంతకం ఆ పిల్లవాడికి రెండు నెలల చదువు లేకుండా చేసింది, తర్వాత ఒక ఉద్యోగమూ లేకుండా చేసింది. అప్పటి నుంచి రాని మనిషికి సంతకం పెట్టడం మానేశాను. ఆ మే నెల అబ్బాయిలిద్దరూ మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ స్టాంపు ఎక్కడో దొరికే ఉంటుంది.

2020-21లో చేరిన బ్యాచ్ నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అన్నారు. మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు చిన్న ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం పని. నాకు ఈ ఆలోచన అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. నేను బీకాం చదివిన రోజుల్లో ఒక్క అసలు బిల్లు కూడా చూడకుండా ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. మొదటి ఉద్యోగంలో డెబిట్ నోటు ఎటు రాయాలో తెలియక బాత్రూంలోకి పోయి నోట్సు చూసుకున్న మనిషిని. కాబట్టి పథకం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. అది కాలేజీ గేటు దాటి మా మెట్లెక్కేలోపు ఏమవుతోందన్నదే నా బాధ.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. మా మేనకోడలు స్నేహితురాలి రిపోర్టు ఒకటి చదివాను. నెల్లూరు పక్కనే కోవూరు దగ్గర ఊరు. నలభై పేజీలు, స్పైరల్ బైండింగ్, రంగుల ఫొటోలు. పదిహేడో పేజీలో "ఈ గ్రామం తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నది" అని ఉంది. దాని కింద లెక్చరర్ గారి ఆకుపచ్చ ఇంకు సంతకం.

ఇక నిజంగా వచ్చిన పిల్లల సంగతి. వాళ్ల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం వట్టి ఏడుపు అవుతుంది.

వచ్చిన ప్రతి ఒక్కరినీ మొదటి రోజు కిందికి తీసుకెళ్లి బియ్యం బస్తాలు చూపిస్తాను. "దీని మీద ఎన్ని కిలోలని ఉంది?" అంటే చదివి 26 అంటారు. "మీ ఇంట్లో కూడా ఇదే బస్తానా?" అవునంటారు. "25 కాకుండా ఈ 26 ఏంది?" అంటే చాలామంది నవ్వేస్తారు. ఎప్పుడూ అనుకోలేదు సార్ అంటారు. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు అయితే 5 శాతం జీఎస్టీ పడుతుంది. 25 దాటిన బస్తాకు పడదు. ఒక్క కిలో ఎక్కువ పోస్తే పన్ను లేదు. మూడేళ్లు ట్యాక్సేషన్ పేపరు చదివినవాళ్లకు ఆ పన్ను తమ వంటింట్లోనే ఉందని తెలియదు. తెలిసిన రోజు మాత్రం ఆ మొహాల్లో వచ్చే వెలుగు చూడాలి. ఆ సాయంత్రం ఇంటికి పోయి వాళ్లమ్మకు చెప్పి ఉంటారని నా నమ్మకం.

పొదలకూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. బీకాం కంప్యూటర్స్, రెండో ఏడాది అయిపోయింది. మొదటి వారం అసలు మాట్లాడేది కాదు. కొనుగోళ్ల రిజిస్టరూ, జీఎస్టీఆర్-2బీ స్టేట్‌మెంటూ పక్కపక్కన పెట్టి ఏ బిల్లు కలిసింది, ఏది కలవలేదు టిక్కులు పెట్టమన్నాను. ప్రతి నెలా 14న ఆ స్టేట్‌మెంటు వస్తుంది. మనకు సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నులో మన బిల్లు చూపించారో లేదో అందులో తెలుస్తుంది. వాళ్లు చూపకపోతే మనం కట్టిన పన్ను మనకు తిరిగి జమ కాదు. విసుగు పుట్టించే పని. మా స్టాఫే తప్పించుకుంటారు.

ఆ అమ్మాయి రెండో వారంలో ఒకరోజు నా టేబుల్ దగ్గరకొచ్చి, "సార్, ఈ బిల్లు మన దాంట్లో లేదు. కానీ 33తో మొదలయ్యే నంబరు, అంటే తమిళనాడు వాళ్లే కదా సార్? ఇదే పార్టీవి మిగతావన్నీ ఉన్నాయి. ఇదొక్కటే మన క్లయింటు వాళ్ల అన్న షాపు పేరు మీద ఎక్కించారేమో" అంది. అన్నదమ్ములిద్దరికీ టైల్స్ షాపులే. ఫోన్ చేస్తే నిజమే. నలభై వేల పైచిలుకు క్రెడిట్. మా సీనియర్ కళ్లుగప్పి రెండు నెలలు దాటిపోయింది. ఆ అమ్మాయి చేతే చెన్నై పార్టీకి ఫోన్ చేయించాను. వచ్చీ రాని ఇంగ్లీషులో, మధ్యలో నాలుగు తమిళం ముక్కలు కలిపి, ఎట్టాగో ఒప్పించింది. ఫోన్ పెట్టేశాక చేతులు వణుకుతున్నాయి. టీ తెప్పించాం. ఇప్పుడు ఒంగోలులో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తోంది.

ఆ అమ్మాయి తెలివైనదని ఇది చెప్పడం లేదు. తెలివైనదే, సరే. కానీ ఏడు వారాలు వరసగా వచ్చింది. ఐదు రోజులొచ్చి మాయమయ్యేవాళ్లకు ఆ బిల్లు ఎప్పటికీ దొరకదు.

ఇంకో అమ్మాయిది జువాలజీ. జువాలజీ చదివే అమ్మాయి అకౌంట్ల ఆఫీసుకు ఎందుకొచ్చింది? వాళ్ల ఇంటికి మా ఆఫీసు దగ్గర కాబట్టి. కాలేజీలో ఎవరూ "నువ్వు అక్కడికెందుకమ్మా" అనలేదట. ఇందుకూరుపేట, విడవలూరు, కావలి, ఎటు చూసినా రొయ్యల గుంటలున్న జిల్లా ఇది. హేచరీలున్నాయి, నీళ్లు పరీక్ష చేసే ల్యాబులున్నాయి. మా క్లయింటు ఒకాయన అలాంటి ల్యాబు నడుపుతాడు. అక్కడికి పంపాను. ఉప్పదనం, పీహెచ్, అమ్మోనియా చూడటం నేర్చుకుంది. రొయ్యలకు వైట్ స్పాట్ రోగం ఉందో లేదో పీసీఆర్‌లో ఎలా తేలుస్తారో పక్కన నిలబడి చూసింది. రైతు గుంట నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, రిపోర్టు వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చుని సిగరెట్ల మీద సిగరెట్లు కాల్చడం కూడా చూసింది. "సార్, ఆయనకి రిజల్ట్ చెప్పాలంటే భయమేసింది" అని నాకు ఫోన్ చేసి చెప్పింది. ఏ ప్రాక్టికల్స్ క్లాసులో వస్తుందండీ ఆ భయం?

అసలు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. వేసవి సెలవులు కాలేజీకి గానీ జిల్లాకు కాదు. రాష్ట్రంలో చాలాచోట్ల ఖరీఫ్ పెద్ద పంట. మనకు ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత, సోమశిల ప్రాజెక్టు నీళ్లతో వేసే వరే పెద్దది. అది కోతకొచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. మీ పిల్లలు పరీక్షలు రాసి బయటికొచ్చేసరికి మిల్లుల్లో ధాన్యం కుప్పలు కుప్పలుగా ఉంటుంది. తేమ కొలుస్తుంటారు, తూకాలు వేస్తుంటారు, లారీల లెక్కలు రాసే మనిషి చాలక మిల్లు గుమాస్తాలు అన్నం తినే తీరిక లేక తిరుగుతుంటారు. అదే రోజుల్లో ప్రకాశం వైపు పొగాకు వేలం నడుస్తుంటుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, ఏ వేలం కేంద్రానికి పోయినా ఎకనామిక్స్ పుస్తకంలో ఉన్న గిరాకీ, సరఫరా కళ్లెదుట బేళ్ల రూపంలో వరసగా పేర్చి ఉంటాయి. ఒకే రైతు తెచ్చిన రెండు బేళ్లకు ధరలో అంత తేడా ఎందుకొచ్చింది, గ్రేడు ఎవరు వేశారు, కొనకుండా తిప్పి పంపిన బేలు ఏమవుతుంది? బీఏ ఎకనామిక్స్ కుర్రవాడికి రెండు నెలలు చాలవు ఇవన్నీ తెలుసుకోవడానికి. రొయ్యలకూ వేసవి పంటే ముఖ్యం. 30 కౌంటుకూ 100 కౌంటుకూ రేటు తేడా ఏమిటో (కౌంటంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది), 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే విడవలూరు గుంట గట్టు మీద ఏం జరిగిందో రాసుకొచ్చిన రిపోర్టు ఒక్కటైనా మీ లైబ్రరీలో ఉందా? చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు కోస్తారు, జియాలజీ వాళ్లకు అంతకంటే ఏం కావాలి. మార్కాపురం పలకలున్నాయి. కృష్ణపట్నం రేవుంది. నెల్లూరులో వరి పరిశోధన కేంద్రముంది, ఎన్‌ఎల్‌ఆర్ 34449 వంగడం పుట్టింది అక్కడే. తెలుగు మెయిన్‌గా చదివేవాళ్లకు శాస్త్రీయ తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి మన జిల్లాకే వచ్చింది. వీళ్లందరూ పిల్లల్ని తీసుకుంటారని నేను హామీ ఇవ్వలేను. కానీ వీళ్లలో ఎందరి తలుపు మీరు తట్టారు?

ఇవన్నీ ఇంటి పక్కనే పెట్టుకుని మన పిల్లలు ఫోన్లో వర్చువల్ ఇంటర్న్‌షిప్ చేస్తున్నారు. నా దగ్గరకొచ్చిన ఒకబ్బాయి అంతకుముందు ఏడాది రెండు వేలు కట్టి ఒకటి చేశాడు. వీడియోలు వస్తాయి, అవి నడుస్తుంటే చాలు, చూడాల్సిన పని లేదు. "రాత్రి చార్జింగ్ పెట్టి ప్లే చేసి పడుకునేవాడిని సార్, పొద్దునకి ముప్పై శాతం అయ్యేది" అన్నాడు. ఆన్‌లైన్‌లో మంచివి లేవని కాదు. డబ్బు కడితేనే ఇంటర్న్‌షిప్ అనేవాళ్ల జోలికి పోవద్దని మాత్రం మొదటి ఏడాదిలోనే, మొదటి నెలలోనే చెప్పండి. పని చేయించుకునేవాడు ఎదురు డబ్బు అడగడు.

మీ ఇబ్బందులు నాకు తెలియవని కాదు. నాకు తెలిసిన ఒక లెక్చరర్ గారు ఆరు క్లాసులు చెప్పి, కాలేజీకి గ్రేడు వేసే నాక్ కోసం ఫైళ్లు రాసి, అడ్మిషన్ల కోసం వేసవిలో ఊళ్లు తిరిగి, వాటి మధ్య నూట ఇరవై మంది ఇంటర్న్‌షిప్‌లకు గైడు. ఆయన నూట ఇరవై చోట్లకు ఫోన్ చేయలేరు. ప్రైవేటు కాలేజీల్లో జీతాలు ఏ నెలది ఏ నెలలో వస్తుందో కూడా నాకు తెలుసు, వాళ్లలో కొందరి రిటర్నులు నేనే వేస్తాను. అందుకే పెద్ద పెద్ద కోరికలేం కోరడం లేదు.

డిసెంబరులో మొదలుపెట్టండి. మే నెలలో లెటరు ఇస్తే మాకు అప్పటికే చోటు నిండిపోతుంది, మీకు కాలేజీ మూతపడి ఉంటుంది, పిల్లవాడు ఎవరి స్టాంపు దొరికితే వాడి దగ్గరికి పోతాడు. డిసెంబరులో రెండో ఏడాది పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ మూడు విషయాలు అడగండి. మీ ఇంటి చుట్టూ పది కిలోమీటర్లలో ఏ పనులు జరుగుతాయి? నీ మేజర్, మైనర్ సబ్జెక్టులకు వాటిలో ఏది దగ్గర? అక్కడ నీకు తెలిసినవాళ్లెవరు? బావో, మేనమామో, పక్కింటాయనో ఎవరో ఒకరు ఉంటారు. మన జిల్లాల్లో పని దొరికేది అలాగే, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. జనవరిలో వాళ్లే పోయి మాట్లాడి రావాలి. లెటరు తర్వాత ఇవ్వచ్చు.

పోయేటప్పుడు ఒక్క పేజీ రెజ్యూమె చాలు, కానీ అది వాళ్లదై ఉండాలి. నాకు వచ్చే రెజ్యూమెలన్నింటిలో మొదటి పేరా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. చివర హాబీలు, పాటలు వినడం, క్రికెట్. బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన ఒకడు సి లాంగ్వేజ్, జావా వచ్చని రాశాడు. అడిగితే రావు. మాటల్లో తెలిసింది, వాళ్ల నాన్న కిరాణా కొట్టులో తొమ్మిదో తరగతి నుంచీ బాకీల ఖాతా వీడే రాస్తున్నాడు. ఎవరెంత ఇవ్వాలి, ఎవరు ఏ నెల కడతారు నోటికి చెప్తాడు. "అది రాయలేదేం?" అంటే, "అది కూడా రాస్తారా సార్?" అన్నాడు. వాడిని ఆ నిమిషంలోనే తీసుకున్నాను. మీరు ఒక్క గంట కేటాయించి ఆ కాగితాలు చదివితే ఇలాంటివి ఎన్ని బయటపడతాయో.

తేదీలు ముందే చెప్పండి. ఇది మా వైపు నుంచి గట్టిగా అడిగే మాట. పని నేర్పి చేతికి వచ్చిందనుకునే సమయానికి సప్లిమెంటరీ పరీక్షలంటూ పది రోజులు మాయమవుతారు. పరీక్షలు రాయొద్దని ఎవరంటారు? ఫలానా వారం ఉండరని లెటర్లోనే రాస్తే మేం దాన్ని బట్టి పని ఇస్తాం. మా వంటి ఆఫీసుల్లో నెలలో 11న ఒక రిటర్ను, 20న ఒకటి. ఆ మధ్య రోజుల్లో మాకు ఊపిరాడదు. పిల్లవాడికి నేర్చుకోవడానికి అవే మంచి రోజులు, నేర్పడానికి మాకు 21 తర్వాత తీరిక. జూలై నెలంతా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులే. చివరి ఏడాది పూర్తి సెమిస్టరు వచ్చేవాళ్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉంటే ఆడిట్ సీజను కూడా చూస్తారు. అదే బీకాం పిల్లలకు అసలు చదువు. అలాగే ఆ సెమిస్టరులోకి బ్యాక్‌లాగులు మోసుకుని రాకుండా మొదటి రెండేళ్లలోనే చూడండి. నాలుగు సబ్జెక్టులు మిగిలిపోయినవాడు మా దగ్గర కూర్చుని కూడా టేబుల్ కింద గైడే చదువుతుంటాడు.

ఒక్కసారి ఫోన్ చేయండి. ఒక్కో పిల్లవాడికి ఒక్కటే, మూడో వారంలో. రెండు నిమిషాలు. "వస్తున్నాడా? ఏం చేయిస్తున్నారు?" అని. లెక్చరర్ ఫోన్ చేస్తారని తెలిస్తే స్టాంపు వేసేవాళ్ల చెయ్యి కూడా కాస్త వెనక్కి పోతుంది. నా చెయ్యి తప్పకుండా పోయేది. రిపోర్టు బదులు రోజూ నాలుగు లైన్ల డైరీ రాయించండి, చేత్తో, తెలుగులో రాసినా సరే. ఈరోజు ఏం చేశాను, ఏది అర్థం కాలేదు. నలభై పేజీల బైండింగు షాపులో దొరుకుతుంది, డైరీ దొరకదు.

డబ్బు గురించి కూడా మాట్లాడుకోవాలి. మా వంటి చిన్న ఆఫీసులు జీతమివ్వలేవు. నేను మధ్యాహ్నం టీ, టిఫిను, నెలాఖరుకు దారిఖర్చులు ఇస్తాను. అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు కాబట్టి ఆ బాధ తీరింది. ఆత్మకూరు, వింజమూరు వైపు నుంచి వచ్చే అబ్బాయిలకు రెండు నెలల చార్జీలు చిన్న మొత్తం కాదు. కాలేజీ పాస్ ఇంటి నుంచి కాలేజీకే గానీ మా ఆఫీసుకు చెల్లదు. ఆ దారి కోసం మీ లెటరుతో డిపో మేనేజరును ఒకసారి అడిగి చూడండి. ఆయన కాదంటే కాదంటారు.

డిగ్రీ అయ్యాక సంగతి కూడా చివరి ఏడాదిలోనే చెప్పి పంపండి. పీఎం ఇంటర్న్‌షిప్ పథకం కాగితం పట్టుకుని చదువుతున్న పిల్లలే నా దగ్గరకొస్తుంటారు. 2024 అక్టోబరులో మొదలైనప్పటి నిబంధనల్లో అది 21 నుంచి 24 ఏళ్లవాళ్లకు, అదీ రెగ్యులర్ చదువులో లేనివాళ్లకు. అప్రెంటిస్‌షిప్ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ ఏదైనా అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలని చట్టం ఉంది. డిగ్రీ చేసినవాళ్లకు 2019 నిబంధనల్లోనే నెలకు కనీసం 9,000 అన్నారు, అందులో కొంత కేంద్రం భరిస్తుంది. మా క్లయింట్లలో ఇద్దరు ముగ్గురు ఆ లెక్కలోకి వస్తారు. నేను చెప్పేదాకా వాళ్లకూ తెలియదు. మీ కాలేజీ తరఫున ఎవరైనా ఆ కాగితం పట్టుకుని ఒక్కసారి పోయినా పని జరిగేది.

మా వంతు గురించి కూడా చెప్పుకోవాలి. మాలో కొందరు ఇంటర్న్ అంటే జెరాక్సులు తీసి టీ తెచ్చే మనిషి అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది అలాగే చేశాను, ఒకబ్బాయి చేత నెలరోజులు పాత ఫైళ్ల దుమ్ము దులిపించాను. వాడు మర్యాదగా చేశాడు, ఏమీ నేర్చుకోలేదు. అలాంటి ఆఫీసని మీకు తెలిస్తే మరుసటి ఏడాది పంపకండి. తెలియాలంటే మళ్లీ ఆ ఫోన్ చేయాల్సిందే.

వచ్చే జూన్‌కు నా దగ్గర ముగ్గురికి చోటుంది. ఇద్దరు రెండు నెలలకు, ఒకరు పూర్తి సెమిస్టరుకు. బీకాం వాళ్లయితే మేలు, కొట్లో ఖాతాలు రాసిన బీఏ వాళ్లయినా సరే. జనవరిలో ఏ శనివారమైనా మధ్యాహ్నం మూడు తర్వాత పిల్లల్నే రమ్మనండి, తల్లిదండ్రులు అక్కర్లేదు. వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న బిల్లు ఏదైనా ఒకటి, కరెంటుది కాకుండా, తెచ్చుకోమనండి. దాని మీదే మాట్లాడుకుంటాం. క్యారియరు తెచ్చుకునేవాళ్లకు లోపలి గదిలో ఫ్యానుంది. మొదటి మెట్టు విరిగి ఉంది, చూసి ఎక్కమని చెప్పండి.

ఇట్లు,
స్టోన్‌హౌస్‌పేటలో పద్దులు రాసుకునే ఒక ట్యాక్స్ కన్సల్టెంటు,
నెల్లూరు